కాఫీ ముట్టని పొరుగావిడ

"ఇవాళ వెళ్లకు తార్మో," అంది సైమి మళ్లీ.

తార్మో వినిపించుకోనట్టు వంగి బూట్ల తాళ్లు ముడి వేసుకుంటున్నాడు. కోటు అప్పటికే తొడుక్కున్నాడు. కారు తాళంచెవి పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు కాబట్టి జవాబు చెప్పకుండా ఉండటానికి అదొక సాకు దొరికింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇద్దరి మధ్యా ఇదే మాట నలుగుతోంది. వంటింట్లో అత్తగారు సిల్వి స్టవ్ మీద నీళ్ల గిన్నె పెట్టుకుని, కొడుకూ కోడలూ పడుతున్న గొడవ తన చెవిన పడటం లేదన్నట్టు మూత తీసి చూస్తూ, పెట్టేస్తూ ఉంది.

హెల్సింకి బ్యాంకులో ఈ మధ్యాహ్నం కల్లియో పేటలో ఉన్న వాళ్ల పాత ఫ్లాటు చేతులు మారబోతోంది. కొనేవాళ్లు సిద్ధం. మా దేశంలో కాపురమున్న ఇల్లు భార్య ఒప్పుకోనిదే అమ్మడానికి వీల్లేదు. సైమి ఆ ఒప్పుకోలు సంతకం పోయిన వారమే పెట్టి ఇచ్చేసింది. అప్పుడు ఏ మూడ్‌లో పెట్టిందో గానీ, ఇప్పుడు ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది ఆమెకి.

"ఒక్క నెల ఆగమంటున్నాను. ఓయివా తేరుకునేదాకా."

తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు తార్మో. "ఓయివాకి ఏమైందని? తింటున్నాడు, పడుకుంటున్నాడు. మూడు నెలల పిల్లాడు అంతకంటే ఏం చేస్తాడు?"

"పడుకునే ఉంటున్నాడు. అదే నా భయం."

"నీ భయం పిల్లాడి గురించి కాదు సైమీ. నీకు ఇక్కడ నచ్చలేదు. ట్రాము చప్పుడు లేకపోతే నీకు నిద్ర పట్టదు. ఆ మాట సూటిగా చెప్పు, పిల్లాడిని అడ్డం పెట్టకు."

ఆ మాటలో కొంత నిజం ఉండటం వల్లనే అది ఆమెకి మరీ గుచ్చుకుంది. నచ్చలేదు. అడవి అంచున ఈ చెక్క ఇల్లు, నాలుగింటికే పడిపోయే నవంబరు చీకటి, మైలు దూరంలో గానీ ఇంకొకరి దీపం కనిపించని హౌక్కల ఊరు, ఏవీ నచ్చలేదు. ఇల్లు మారి ఇన్ని వారాలైనా పొరుగువాళ్లు ఒక్కరంటే ఒక్కరు గడప తొక్కలేదు. కొత్త కాపురం పెట్టిన ఇంటికి రొట్టె, ఉప్పు తెచ్చి ఇవ్వడం పేరుకి మిగిలిన ఆచారమే కావచ్చు. ఆ పేరుకైనా ఎవరూ రాలేదు. దారిలో ఎదురైతే తల ఊపి, ఇంటివైపు ఒకసారి చూసి, గబగబా వెళ్లిపోయేవారు.

తార్మో తన పాఠం అందుకున్నాడు. ఆ పాఠం ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. కల్లియోలో రెండు గదుల ఫ్లాటుకి నెలనెలా సంఘం రుసుము, కారు పెట్టుకునే జాగాకి అద్దె, పాలు తాగే పిల్లాడితో సహా తలకింత చొప్పున నీళ్ల డబ్బులు. ఇక్కడో, అందులో సగం వాయిదాకి అయిదు గదులు, ఆవిరిస్నానం గది, ఆపిల్ చెట్లు, సొంత అడవిలో కట్టెలు. చివరికి వచ్చేసరికి అతని గొంతు మెత్తబడేది, ఎప్పుడూ ఆ చోటే. "నీళ్లు ఉచితం. నేలలోంచి వచ్చే నీళ్లు. మా అమ్మమ్మ ఇంట్లో తాగినట్టు."

"పెట్రోలు?" అంది సైమి.

"కలిపాను."

"మంచు తోయడానికి వచ్చే ట్రాక్టరు?"

"అదీ కలిపాను."

"ఇక్కడికొచ్చాక నా పాలు ఎండిపోయాయి. డబ్బాపాలు కలిపావా?"

తార్మో కోటు గుండీలు పెట్టుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు. కొడుక్కి పరిగెత్తడానికి పెరడు ఉండాలనీ, నెలాఖరుకి భార్య మొహంలో దిగులు ఉండకూడదనీ కోరుకున్నవాడు. ఆ కోరిక కోసం రెండిళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా దొర్లాడో సైమికి తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా గట్టిగా అడ్డుపడలేకపోయింది.

"సాయంత్రానికల్లా వచ్చేస్తాను," అని తలుపు తీశాడు. వసారాలో పిల్లాడి బండి మీదికి వంగి, ఉన్ని దుప్పటి సర్ది, కారెక్కాడు. ఇంట్లో ఉన్న ఒక్క కారూ మలుపు తిరిగి అడవిలోకి వెళ్లిపోయింది.

ఓయివా వసారాలోనే నిద్రపోతున్నాడు. మా పిల్లలంతా అలా చలిలో బండిలో పడుకుని పెరిగినవాళ్లే. చలిగాలిలో నిద్ర బాగా పడుతుందని, జబ్బులు రావని. కల్లియోలో అయితే లోపలి వాకిట్లో పడుకోబెట్టి, కిటికీలోంచి ఓ కన్నేసి ఉంచేది సైమి. అక్కడ ఓ గంట పడుకుని కేర్‌మనేవాడు. ఇక్కడ లేపితే గానీ లేవడం లేదు. లేచినా ఏడుపులో పస లేదు. పెదవుల చుట్టూ బూడిద పూసినట్టు ఓ రంగు.

"చలికి కందింది," అనేది సిల్వి. "తార్మో కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడు."

నిన్న సాయంత్రం గోళ్లు తీస్తుంటే కత్తెర మొన తగిలి వేలి మీద ఓ చుక్క రక్తం వచ్చింది. ఎర్రగా లేదు. గోధుమ రంగులో ఉంది, కప్పు అడుగున మిగిలిన కాఫీలాగా. తార్మోని పిలిచి చూపిస్తే, వంటింటి దీపం పచ్చగా ఉంటే అన్నీ అలాగే కనిపిస్తాయి అన్నాడు. కల్లియోలో అయితే కిందికి దిగి వీధి దాటితే పసిపిల్లల నర్సు ఉండేది. ఇక్కడ నర్సు ఊళ్లోకి వారానికి ఒకసారి, బుధవారం మాత్రమే వస్తుంది. ఇవాళ శుక్రవారం. ఫోన్ చేస్తే అవతలి నర్సు ఎంతో మర్యాదగా, జ్వరం లేదుగా, పాలు తాగుతున్నాడుగా, బుధవారం తీసుకురండి అంది.

సైమి కట్టెల కోసం కొట్టంలోకి వెళ్లింది. అక్కడ గోడ వారగా పేర్చి ఉన్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు మళ్లీ కంటపడ్డాయి. పెద్ద పెద్దవి, మూతలున్నవి, చూరు దాకా ఉన్నాయి. ఇల్లు అమ్మిన ముసలాయన ఆర్మస్ వాటిని తీసుకెళ్లలేదు. పళ్లరసం పట్టుకునే మనుషులు కాబోలు అనుకుంది మొదట్లో. ఇవాళ ఒకదాని మూత తీసి వాసన చూసింది. పళ్ల వాసన లేదు. ఏ వాసనా లేదు.

కట్టెలు ఎత్తుకుని వస్తుంటే వసారాలో ఎవరో ఉన్నారు. పిల్లాడి బండి మీదికి వంగి, దుప్పటి పైకెత్తి చూస్తున్నారు.

"ఎవరు మీరు?" సైమి గొంతు ఆమెకే కరకుగా వినిపించింది.

ముసలావిడ నిటారుగా నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. తలకి ఉన్ని గుడ్డ, చేతిలో సంచి. తన పేరు రౌహా అనీ, కొండకింద పచ్చ ఇల్లు తనదేననీ చెప్పింది. సంచిలోంచి రై ధాన్యపు నల్ల రొట్టె, చిన్న ఉప్పు పొట్లం తీసి చేతిలో పెట్టింది. "ముందే రావలసింది," అంది. ఆ మాట మర్యాదకి అన్నట్టు లేదు.

సిల్వి మాత్రం పండగ వచ్చినట్టు సంబరపడింది. ఇన్నాళ్లకి ఈ ఇంట్లో ఓ అతిథి. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచింది, పొద్దున కాల్చిన ఏలకుల రొట్టెలు పెట్టింది, మంచి కప్పులు దించింది. కాఫీ వాసన ఇల్లంతా నిండింది. కెటిల్ పట్టుకుని రౌహా కప్పు మీదికి వంచబోయింది.

రౌహా కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "నాకొద్దమ్మా."

సిల్వి నవ్వింది. మొదటిసారి వద్దనడం మర్యాదే కదా. "అరకప్పు," అంది.

"వద్దు."

"అయ్యో, మొహమాటం దేనికి? తాజాగా పెట్టాను."

"నేను కాఫీ తాగి వచ్చాను. ఇంటికెళ్లి మళ్లీ తాగుతాను," అంది రౌహా, చెయ్యి తియ్యకుండా.

మావాళ్లు బద్ధశత్రువు ఇంట్లో అయినా కాఫీ తాగుతారు. శవం లేచిన ఇంట్లోనూ తాగుతారు, భూమి తగాదాలో కోర్టుకి వెళ్లే ముందు ఎదుటివాడితో కూర్చుని కూడా తాగుతారు. పోస్తున్న కాఫీ వద్దన్నారంటే ఆ ఇంటితో తేల్చుకోవలసింది ఏదో ఉందని అర్థం. సిల్వి మొహం కందగడ్డ అయింది. కెటిల్ చప్పుడయ్యేలా స్టవ్ మీద పెట్టింది.

"మా ఇంటి కాఫీ అంత చేదా?" అంది.

రౌహా స్టవ్ మీద కుతకుతలాడుతున్న గిన్నెనే చూస్తోంది. "అది దేనికి?" అని అడిగింది.

"మనవడి పాలకి." సిల్వి కోపాన్ని గర్వం కాస్త తగ్గించింది. "ఇప్పటి పిల్లల్లా కుళాయి నీళ్లు పట్టి కలిపేయను. బాగా మరగనిస్తాను. చల్లారాక మళ్లీ మరగబెడతాను. గిన్నెలో సగానికి ఇగిరేదాకా. మా అమ్మ అలాగే చేసేది."

రౌహా చేతిలో ఉన్న రొట్టె ముక్క పళ్లెంలో పడింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"వచ్చినప్పటి నుంచీ," అంది సిల్వి. "పిల్లాడు నీరసంగా ఉన్నాడని ఈ వారం ఇంకా ఎక్కువసేపు కాస్తున్నాను."

గిన్నె మూత ఒక్కటే టకటక కొట్టుకుంటోంది. రౌహా లేచింది. వెళ్లొస్తానని సిల్వికి తల ఊపి, గుమ్మం దగ్గర సైమి మోచెయ్యి పట్టుకుంది. ముసలిచెయ్యి అయినా ఆ పట్టు గట్టిగా ఉంది. లాక్కుని వచ్చినట్టే వసారాలోకి తీసుకొచ్చి తలుపు వేసింది.

"ఆ పిల్లాడి రక్తం ఎప్పుడైనా చూశావా?" అంది మెల్లగా.

"నిన్న."

"ఏ రంగు?"

"కాఫీ రంగు," అంది సైమి. తన నోటితో అన్నాకే ఆ మాట ఎంత భయంకరమైనదో ఆమెకి తెలిసింది.

రౌహా వసారా స్తంభాన్ని పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి వెనక దిబ్బ మీద ఒకప్పుడు ఆర్మస్ పందుల కొట్టం ఉండేదట. దాని పెంటంతా అక్కడే గోతిలో పోశారు, ఏళ్ల తరబడి. అది నేలలోకి దిగి దిగి ఇంటి కుళాయికి నీళ్లిచ్చే ఒరల బావిలో చేరింది. చూస్తే నీళ్లు తేటగానే ఉంటాయి, రుచిగానూ ఉంటాయి. పెద్దవాళ్లు తాగితే ఏమీ తెలియదు. చంటిపిల్లల రక్తానికే అది పడదు, ఊపిరి పీల్చుకున్నా గాలి ఒంటికి అందదు. ఆర్మస్ మనవరాలు ఈ ఇంట్లోనే, ఈ వంటింట్లోనే నీలంగా మారిపోయింది. హెలికాప్టర్‌లో తీసుకెళ్లారు. బతికింది గానీ, ఆర్మస్ కూతురు మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఆనాటి నుంచి వాళ్లు ఊళ్లోంచి డబ్బాలతో నీళ్లు తెచ్చుకునేవాళ్లు.

"ఈ ఇంటి కాఫీ ఆనాటి నుంచి నా గొంతు దిగదు," అంది రౌహా.

"అందరికీ తెలుసా?"

"ఊరంతటికీ తెలుసు. ఎవరి ఇంటి సంగతి వాళ్లది, మధ్యలో మనమెందుకు అనుకున్నాం. ఆర్మస్ నా సొంత తమ్ముడు. ఇల్లు కొన్నది పెద్దవాళ్లు, పిల్లలు లేరు అని నాతో చెప్పాడు. నిన్న ఇటుగా వెళ్తూ వసారాలో పిల్లల బండి చూశాను. రాత్రంతా కూర్చునే ఉన్నాను."

సైమికి ఆ ముసలిదాని చెంప పగలగొట్టాలనిపించింది. కాళ్ల మీద పడాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "మరి అత్తయ్య కాస్తోందిగా," అంది, మునిగిపోయే మనిషి గడ్డిపరక పట్టుకున్నట్టు. "బాగా మరగబెడుతోంది. విషమంతా పోవాలిగా."

రౌహా తల అడ్డంగా ఊపింది. "అది పురుగు కాదమ్మా, కాస్తే చావడానికి. నీళ్లు ఇగిరిపోతాయి, అది మిగులుతుంది. కాచినకొద్దీ చిక్కబడుతుంది."

సైమి బండిలోంచి ఓయివాని ఎత్తుకుంది. పచ్చదీపం లేని పగటి వెలుతురులో, వసారా మెట్ల మీద నిలబడి, ఉన్ని టోపీ వెనక్కి తోసి మొహం చూసింది. బూడిద రంగు కాదు. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. గోళ్లు కూడా అంతే. "ఓయివా," అని చెంప తట్టింది. కళ్లు సగం తెరిచాడు, మళ్లీ మూసేశాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఏ తల్లీ అంతగా కోరుకుని ఉండదు.

అత్యవసరం నంబరుకి చేస్తే అవతలి మనిషి అన్నీ అడిగి, అంబులెన్సు బయలుదేరుతోంది కానీ చాలా దూరం నుంచి రావాలి, కారుంటే ఎదురు రండి, దారిలో కలుస్తాం అంది. ఆ నీళ్లు ఇక ఒక్క చుక్క కూడా పట్టవద్దు అంది. కారు ఎక్కడుంది? కారు హెల్సింకిలో ఉంది.

"నా దగ్గర ఉంది," అంటూ రౌహా అప్పటికే మెట్లు దిగుతోంది. ఆ వయసులో అంత వేగంగా నడవగలదని ఆమెకే తెలిసి ఉండదు.

సైమి తార్మోకి ఫోన్ చేసింది. మొదటి మోతకే ఎత్తాడు. గొంతులో ఎన్నాళ్లుగానో వినపడని తేలిక. "అయిపోయింది సైమీ. సంతకాలన్నీ అయ్యాయి. తాళంచెవులు కూడా ఇచ్చేశాను. మంచి జంట, వాళ్లకీ చిన్నపాప ఉంది."

ఆమె కేకలు వెయ్యలేదు. "కల్లియో నుంచి పిల్లల ఆసుపత్రికి ఎంతసేపు తార్మో?" అని అడిగింది.

"ట్రాములో పదిహేను నిమిషాలు. ఎందుకు?"

"ఇక్కడి నుంచి?"

ఫోన్‌లో బ్యాంకు సందడి వినిపిస్తోంది, ఎవరో నవ్వుతున్నారు.

"అది కలిపావా?" అంది సైమి.

"ఏమైంది సైమీ? ఓయివాకి ఏమైంది?"

అంతలో రౌహా పాత కారు వాకిట్లోకి వచ్చి ఆగింది. పిల్లాడిని గుండెకి అదుముకుని వెనక సీట్లో కూలబడింది సైమి. ఫోన్ ఎక్కడో జారిపడింది. తార్మో గొంతు కాళ్ల దగ్గర్నుంచి ఆమె పేరు పిలుస్తూనే ఉంది.

సిల్వి చెప్పులతోనే మంచులోకి పరిగెత్తుకొచ్చింది. డాక్టరు దగ్గరికి అన్నది తప్ప ఆమెకి ఇంకేమీ తెలియదు. మొహంలో ఇందాకటి కోపం లేదు. ఎందుకో ఏమిటో తెలియని బెదురు ఉంది. కారు కిటికీలోంచి చేతి రుమాలులో చుట్టిన పాలసీసా లోపలికి అందించింది.

"దారిలో ఆకలేస్తే పట్టమ్మా," అంది. కోడలితో అంత మెత్తగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "వాడు బాగా తేరుకోవాలని ఇవాళ మూడోసారి కూడా కాచాను."

చెప్పాలి. చెప్తే ఈ మనిషి ఇక్కడే, ఈ మంచులోనే కుప్పకూలిపోతుంది. ఒంటరిగా, ఆ గిన్నె ముందు. సైమి సీసా అందుకుంది. రౌహా గేరు మార్చింది. అద్దంలో అత్తగారు చెయ్యి ఊపుతూ చిన్నదైపోయింది.

ఒళ్లో ఓయివా కదిలాడు. పొద్దున్నుంచి మొదటిసారి కళ్లు పూర్తిగా విప్పాడు. తల్లి మొహం వైపు కాదు, ఆమె చేతిలో ఉన్న వెచ్చటి సీసా వైపు చూసి, నీలంగా ఉన్న పెదవులు తెరిచాడు.